ఎవరి చేతి రొట్టె?

క్రైస్తవ చరిత్రలో నాలుగో శతాబ్దం నాటి తగాదా ఒకటుంది. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 303లో క్రైస్తవుల మీద హింస మొదలుపెట్టినప్పుడు, ఉత్తర ఆఫ్రికాలో కొందరు గురువులు ప్రాణభయంతో తమ దగ్గరున్న లేఖనాల ప్రతుల్ని అధికారులకి అప్పగించేశారు. హింస చల్లారాక అలాంటివాళ్లలో కొందరు మళ్లీ బల్ల దగ్గర నిలబడ్డారు. ద్రోహి ఇచ్చిన బాప్తిస్మం బాప్తిస్మమేనా, వాడు విరిచిన రొట్టె తినొచ్చా అని డొనాటిస్టులనే వర్గం అడిగింది. చివరికి నిలిచింది అగస్టీన్ చెప్పిన జవాబు: సంస్కారం ఇచ్చేది క్రీస్తు, గురువు చెయ్యి సాధనం మాత్రమే, ఆ చేతి పాపం రొట్టెకి అంటదు. ఇంగ్లండు చర్చి 1571లో స్థిరపరుచుకున్న 39 సూత్రాల్లో 26వది ఇదే. అమెరికాలో ఆ సంప్రదాయానికి వారసురాలైన ఎపిస్కోపల్ చర్చి 1801లో ఆ సూత్రాల్ని తీసుకుంది.

ఈ సూత్రంలో పెద్ద ఊరట ఉంది. మన పారిష్‌ ఫాదర్ తాగుబోతో, అబద్ధాలకోరో మనకి తెలియకపోవచ్చు. బిడ్డ బాప్తిస్మం అతని నడవడి మీద ఆధారపడి ఉంటే ఏ తల్లికీ నిద్ర పట్టదు. కానీ ఇంత ఉదారమైన మాట చెప్పిన చర్చే, ఆడమనిషి చెయ్యి మాత్రం రొట్టెకి అడ్డమవుతుందని నాలుగు వందల ఏళ్లు ఎలా చెప్పగలిగింది? ద్రోహి చేతినుంచి దిగే కృప, ఒక మంచి స్త్రీ చేతి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుంది?

వాళ్ల దగ్గర జవాబు లేకపోలేదు. దాన్ని వినాలి కూడా. సంస్కారం చెల్లాలంటే సరైన పదార్థం ఉండాలంటారు. బాప్తిస్మానికి నీళ్లు, బల్లకి రొట్టె, ద్రాక్షరసం. పాలతో బాప్తిస్మం ఇస్తే అది చెల్లదు. అలాగే గురుపట్టాభిషేకానికి సరైన పదార్థం మగవాడి దేహం అన్నారు. బల్ల దగ్గర గురువు క్రీస్తు స్థానంలో నిలబడతాడు, క్రీస్తు పురుషుడు, కాబట్టి. స్త్రీ పాపి అనీ తక్కువదనీ మేం అనడం లేదు, నీళ్లకి బదులు పాలు పనికిరానట్టే ఇదీ, అంతే అన్నారు. చాలా మర్యాదగా చెప్పే మాట. "నిన్నేం తక్కువ చెయ్యడం లేదమ్మా, ఆచారం అలా ఉంది" అని గడప అవతలే ఆపేసే మర్యాద మనకేం కొత్త కాదు.

ఆ మర్యాద కింద ఏముందో చూడాలంటే పాత ప్రార్థన పుస్తకాలు తిరగెయ్యాలి. 1549 నాటి మొదటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో బాలింతల కోసం ఒక ఆరాధన క్రమం ఉంది. దాని పేరు స్త్రీల శుద్ధి. మూడేళ్లకే, 1552లో, ఎవరికో ఇబ్బందిగా అనిపించినట్టుంది, దాన్ని ప్రసవానంతర కృతజ్ఞత అని మార్చారు. అమెరికాలో 1979 ప్రార్థన పుస్తకం వచ్చాక అది బిడ్డ పుట్టినందుకో, దత్తత తీసుకున్నందుకో కుటుంబమంతా కలిసి చెప్పే కృతజ్ఞత అయింది. పురుడు, మైల అన్న మాటలు వింటూ పెరిగిన మనకి ఆ మొదటి పేరుని ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇప్పుడు పారిష్‌లోకి వద్దాం. ఉత్తర కరోలినాలో కొన్నేళ్లుగా నేనొక ఎపిస్కోపల్ పారిష్‌కి వెళ్తున్నాను. సి.ఎస్.ఐ. ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఆరాధన క్రమం నాకు కొత్తగా అనిపించలేదు. మన దోర్నకల్, నంద్యాల సంఘాల ఆంగ్లికన్ వారసత్వమూ, వీళ్లదీ ఒకే ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం దగ్గర మొదలైనవి. నాకు కొత్తగా అనిపించింది ఆల్టర్ గిల్డ్. బల్ల పని చూసే బృందం అనుకోండి. చాలా పారిష్‌లలో లాగే ఇక్కడా ఇందులో దాదాపు అందరూ ఆడవాళ్లే, అందులోనూ డెబ్భై దాటినవాళ్లు.

ఆదివారం ఆరాధనకి ముందురోజే వీళ్ల పని మొదలవుతుంది. రొట్టె బిళ్లలు లెక్కపెట్టడం, రసానికీ నీళ్లకీ ఉన్న చిన్న కూజాలు నింపడం, ఇత్తడి తోమడం, బల్ల గుడ్డ మీద కారిన కొవ్వొత్తి మైనం గీకడం. పాత్ర కింద పరిచే నారగుడ్డని ఇటు మూడు అటు మూడు మడతలుగా, తొమ్మిది గళ్లు పడేట్టు లోపలికే మడుస్తారు. దాని మీద పడ్డ రొట్టె నలుసు కింద రాలకూడదని. ఆరాధన తర్వాత పాత్ర అంచు తుడిచిన గుడ్డలు ఇంటికి తీసుకెళ్లి ఉతికేదీ వీళ్లే. వాటి మీద ద్రాక్షరసం మరకలుంటాయి, లిప్‌స్టిక్ మరకలుంటాయి. లిప్‌స్టిక్ మరక వదలడం కష్టమట. గుడ్డలు జాడించిన మొదటి నీళ్లు మురుగుకాలవలో కలవకూడదు. పాత్రలు కడిగే గదిలో దానికొక ప్రత్యేకమైన తొట్టి ఉంటుంది, దాని గొట్టం నేరుగా మట్టిలోకి పోతుంది. తొట్టి లేనిచోట మొక్క మొదట్లో పోస్తారు. నిర్మాల్యాన్ని తొక్కే చోట పారెయ్యని మనవాళ్లకి ఈ జాగ్రత్త సులభంగానే అర్థమవుతుంది.

సంవత్సరమంతా బల్ల రంగులు మారుతూ ఉంటాయి. ఆగమన కాలానికి ఊదా, కొన్నిచోట్ల నీలం. క్రిస్మస్‌కి తెలుపు. భస్మ బుధవారానికి కావలసిన బూడిద కిందటేడు మట్టల ఆదివారపు ఆకుల్ని కాల్చి చేస్తారు. ఆ ముందురోజు మంగళవారం రాత్రి పాన్‌కేకుల విందు. చాలా పారిష్‌లలో ఆ వంట మగవాళ్లు చేస్తారు, ఏప్రన్లు కట్టుకుని, ఫొటోలు దిగుతూ. ఏడాదికి ఒక్క రాత్రి వంట చేస్తే సంఘమంతా చప్పట్లు కొడుతుంది. మిగిలిన ఆదివారాల కాఫీ, కేకులు, చావింటికి పంపే క్యాస్రోల్ వంటకాలు చప్పట్లు లేకుండానే నడిచిపోతుంటాయి. ఈస్టర్‌కి ముందు గురువారం రాత్రి, కాళ్లు కడిగే క్రమం అయ్యాక, దీపాలు తగ్గించి బల్లని ఖాళీ చేస్తారు. కొవ్వొత్తులు, గుడ్డలు, పాత్రలు ఒక్కొక్కటీ బయటికి పోతాయి. మోసుకెళ్లేవాళ్లు ఒక్క మాటా మాట్లాడరు. మిగతా రోజుల్లో ఎవరి కంటా పడకుండా జరిగే గిల్డ్ పని, ఆ ఒక్క రాత్రి అందరి ఎదుటా జరుగుతుంది.

అంటే ఏమిటి? రొట్టెనీ, పాత్రనీ గురువు కన్నా ముందూ, గురువు తర్వాతా తాకింది ఆడవాళ్లే. మధ్యలో ఉన్న ఆ పావుగంటే మగవాడిది. ఆడవాళ్ల చెయ్యి మైల అనుకుంటే గుడ్డలు వాళ్లకెందుకిచ్చారు? మైల కాదనుకుంటే ఆ పావుగంట ఎందుకివ్వలేదు? డబ్బు విషయమూ అంతే. మన తెలుగు సంఘాల్లో ఆడవాళ్లు ఎసట్లోకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు పక్కకి తీసినట్టే, ఎపిస్కోపల్ స్త్రీలు 1889 నుంచీ తమ చిల్లర కూడబెట్టి మిషన్ పనులకి ఇస్తూ వచ్చారు. ఆ చర్చి జాతీయ మహాసభలో ప్రతినిధులుగా కూర్చునే హక్కు మాత్రం వాళ్లకి 1970లో గానీ రాలేదు.

1974 జులై 29న ఫిలడెల్ఫియాలోని చర్చ్ ఆఫ్ ది అడ్వకేట్ అనే నల్లజాతి పారిష్‌లో పదకొండుమంది స్త్రీలు గురుపట్టాభిషేకం పొందారు. మహాసభ అనుమతి లేదు. చేతులుంచిన ముగ్గురు బిషప్పులూ అప్పటికి అధికార బాధ్యతల్లో లేనివాళ్లు. ఆ పదకొండుమందిలో పెద్దావిడ జెనెట్ పికార్డ్‌కి 79 ఏళ్లు. 1934లో బెలూన్ నడుపుకుంటూ పదిహేడు కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లిన మనిషి ఆవిడ. అంత ఎత్తు ఎక్కినావిడకి బల్ల ముందున్న రెండు మెట్లు ఎక్కడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

ఆ ఆగస్టులోనే బిషప్పుల సభ హడావుడిగా చికాగోలో సమావేశమై, ఈ అభిషేకాలకి కావలసిన షరతులు నెరవేరలేదు కాబట్టి చెల్లవని తేల్చింది. ఆ స్త్రీలని తమ పారిష్ బల్ల దగ్గర నిలబడనిచ్చినందుకు విలియం వెండ్, పీటర్ బీబీ అనే ఇద్దరు గురువుల మీద 1975లో చర్చి కోర్టులు విచారణ జరిపి దోషులని చెప్పాయి. అదే ఏడు వాషింగ్టన్‌లో మరో నలుగురు స్త్రీలు అభిషేకం పొందారు. 1976 సెప్టెంబరులో మినియాపొలిస్ మహాసభ, అభిషేక నిబంధనలు స్త్రీ పురుషులకి సమానంగా వర్తిస్తాయని ఒక్క వాక్యం చేర్చింది. 1977 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

నన్ను ఆపేది తర్వాత జరిగింది. ముందు అభిషేకం పొందిన ఆ పదిహేనుమందిని ఏం చెయ్యాలి? మళ్లీ చెయ్యాలన్న ఆలోచనా వచ్చింది. చివరికి మళ్లీ చెయ్యలేదు, ఉన్నదాన్నే బహిరంగంగా గుర్తించి ఊరుకున్నారు. అభిషేకం బాప్తిస్మం లాంటిది, ఒకసారి జరిగితే రెండోసారి చెయ్యకూడదు. చెయ్యలేదంటే మొదటిది జరిగిందని ఒప్పుకున్నట్టే. అలాంటప్పుడు 1974కీ 1976కీ మధ్య వాళ్ల చేతి రొట్టె తిన్నవాళ్లు తిన్నదేమిటి? అది సంస్కారమే అయితే, కాదని బిషప్పులు చెప్పిన రోజున కూడా అది సంస్కారమే. ఓటు దాన్ని సంస్కారం చెయ్యలేదు, ఉన్నదాన్ని ఆలస్యంగా చూసింది. అప్పుడు 'పదార్థం' వాదం కూడా నిలవదు. పాలు మహాసభ తీర్మానంతో నీళ్లుగా మారవు కదా.

క్రమశిక్షణ ముఖ్యమని, ఎవరికి వారు నియమం దాటితే సంఘం ఉండదని అనేవాళ్లున్నారు. ఆ మాటని నేను తేలిగ్గా తీసుకోను. సంస్కారం ఒక్కరి సొత్తు కాదు, పదిమంది ఒప్పుకుంటేనే అది బల్ల. కానీ పదిమందిలో ఆరుగురు ఆడవాళ్లయినప్పుడు, వాళ్లకి ఓటే లేనప్పుడు ఒప్పుకున్నది ఎవరు?

పారిష్ జ్ఞాపకం ఎంత వెనక్కి పోతుందో పౌలీ మరే కథలో కనబడుతుంది. లాయరుగా, 1966లో అమెరికా జాతీయ మహిళా సంస్థని స్థాపించినవారిలో ఒకరిగా ఈ పత్రిక పాఠకుల్లో చాలామందికి ఆ పేరు తెలిసే ఉంటుంది. తను స్త్రీయా పురుషుడా అన్న వేదనతో 1930లలో, 40లలో హార్మోన్ల కోసం డాక్టర్ల చుట్టూ తిరిగి కాదనిపించుకున్న మనిషి కూడా. 'సరైన దేహం' అనే వాదానికి ఇంతకన్నా కష్టమైన ప్రశ్న ఉంటుందనుకోను. 66వ ఏట, 1977 జనవరి 8న, మరే ఎపిస్కోపల్ చర్చిలో మొదటి నల్లజాతి మహిళా గురువు అయింది. ఫిబ్రవరి 13న మొదటిసారి బల్ల దగ్గర నిలబడింది ఛాపెల్ హిల్‌లోని చాపెల్ ఆఫ్ ది క్రాస్‌లో. 1854లో ఆమె అమ్మమ్మ కార్నీలియా బానిస పిల్లగా బాప్తిస్మం పొందిన పారిష్ అది. ఆ రోజు మరే సువార్త చదివిన పీట కార్నీలియా యజమానురాలు మేరీ రఫిన్ స్మిత్ జ్ఞాపకార్థం ఇచ్చినది. బాప్తిస్మం అప్పుడూ చెల్లింది, ఆ సూత్రం ప్రకారం. అది చెల్లినంత మాత్రాన కార్నీలియాకి విడుదల రాలేదు. ఇచ్చేవాడి పాపం సంస్కారానికి అంటదన్న సూత్రం, ఇచ్చేవాడి పాపాన్ని అడగకుండా వదిలెయ్యడానికి ఎంత బాగా పనికొచ్చిందో నాకు అక్కడే అర్థమవుతుంది.

చేతి తిండి పట్టింపు మనకి తెలిసిందే. 1833లో కలకత్తా బిషప్పు డానియల్ విల్సన్ తంజావూరు ప్రాంతపు సంఘాల్లో కుల భేదం వదిలెయ్యాలని ఆజ్ఞాపిస్తే, ఎందరో అగ్రకుల క్రైస్తవులు గుడికి రావడమే మానుకున్నారు. ఒకే పాత్రలో తాగడం కన్నా తాగకుండా ఉండటం నయమనుకున్నారు. మా పారిష్‌లోనూ ఒక పెద్దాయన ఉండేవాడు. ఇప్పటి గురువు స్త్రీ. ఆవిడ రొట్టె ఇస్తున్న వరస వదిలేసి, మగ గురువు వచ్చిన ఆదివారాల్లో మాత్రమే ముందుకొచ్చేవాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అనేవాళ్లు కాదు.

మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు ఆమెకి వచ్చిన సందేహం వేరు. మనకి పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. "మరి ఈవిడే అయ్యగారైతే ఏమని పిలవాలే?" అంది. పాస్టరమ్మ అనమన్నాను. "మరి ఆయన్నో?" అంది, భర్తని చూపించి. దానికి మన భాషలో మాట లేదు. నంద్యాలలో 2013లో ఎగ్గోని పుష్పలలిత సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్పు అయ్యాక కూడా మాట పుట్టినట్టు లేదు. అమ్మ మాత్రం రెండు చేతులూ చాచి రొట్టె తీసుకుంది.

బల్ల దగ్గర స్త్రీ నిలబడింది సరే, గుడ్డలు ఇంకా ఎవరు ఉతుకుతున్నారు? గిల్డ్‌లో ఎనభై రెండేళ్లావిడని ఈ మాట అడిగాను. మగవాళ్లని కూడా వంతుల్లో వెయ్యాలి కదా అన్నాను. ఆవిడకి నచ్చలేదు. "నలభై ఏళ్లు మమ్మల్ని ముందుకి రానివ్వలేదు. మాకున్నది ఈ గది ఒక్కటే. ఇప్పుడిందులోకి కూడా వాళ్లని రానివ్వమంటావా?" అంది. ఆ గదిలో వాళ్లు ఏడ్చారు, నవ్వుకున్నారు, ఒకరి కాన్సర్ గురించి మరొకరికి మొదట చెప్పుకున్నది అక్కడే. ఆ ఆప్యాయత నిజం. కొందరికే అంటగట్టిన చాకిరీని ఆప్యాయత న్యాయం చెయ్యదని నేనన్నాను. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, తొమ్మిది గళ్ల గుడ్డ నా చేతికిచ్చి ముందు ఇది సరిగ్గా మడవడం నేర్చుకో, తర్వాత మాట్లాడదాం అంది. వాదన ఇంకా నడుస్తోంది. ఈ మట్టల ఆదివారానికి వంతుల పట్టికలో ఇద్దరు మగవాళ్ల పేర్లున్నాయి, ఆవిడ రాసినవే, పెన్సిల్‌తో.