ప్రకటనయు కాయకమే

సంపాదన యెంత అని గాక, అది వచ్చిన త్రోవ యెట్టిది అని శరణులు చూచిరి. కల్యాణమున రాలిన బియ్యమేరి జీవించిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తేగా, ఇల్లాలు లక్కమ్మ దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. నేటి ప్రకటనలను ఆ కొలతతోనే చూడవలెను.

జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్‌ల నటుల ముఖములను జనులు ఆత్మబంధువుల ముఖములవలె నమ్ముదురు. 2025లో బెట్టింగ్ యాప్‌ల ప్రచారము విషయమై హైదరాబాదులో పలువురు సినీప్రముఖులపై కేసులు నమోదైనవి. ఆ ఆగస్టులోనే పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను, వాని ప్రకటనలను నిషేధించినది.

“మేము నటించితిమే గాని అమ్మలేదు” అని కొందరనవచ్చును. తెరమీది నటన నటనయేయని ప్రేక్షకుడెరుగును. ప్రకటనలో దానినే సాక్ష్యమని నమ్మి సొమ్ము చెల్లించును. కావుననే విచారింపక తప్పుడు ప్రకటనకు ముఖమిచ్చినవారికిని 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించుటకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వీలు కల్పించినది.

చట్టమునకు వెరచి మానుట మాత్రమే శీలము కాదు. “నేడు కొననిచో రేపు దొరకదు” అని వెరపించుటయు, ఆశ చూపి మరపించుటయు కొనువాని వివేకమును దొంగిలించుటయే. సరకు గుణమును, వెలను, లోపమును దాచక చెప్పి, నిర్ణయమును కొనువానికే విడుచుట సత్యశుద్ధ కాయకము. అట్లు వచ్చిన సొమ్మే దాసోహమునకు తగినది.