ఒక వారం ఆగి చూద్దాం

కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత సాఫ్ట్‌వేర్ దగ్గరకొచ్చేసరికి తిరగబడుతుంది. ఫోన్‌లో అప్‌డేట్ వచ్చిందని కనిపించగానే మనలో చాలామంది చేసే మొదటి పని దాన్ని పక్కకి నెట్టడం. "ఒక వారం ఆగి చూద్దాం, ఎవరికైనా ఏమైనా అయితే తెలుస్తుందిగా" అంటాం. ఆ "ఎవరికైనా" అన్న ముక్క నన్ను కొంచెం ఇబ్బంది పెడుతుంది. దాని సంగతి తరవాత. ముందు అసలు ప్రశ్న: కొత్త వెర్షన్ పాతదానికన్నా నిలకడగా ఉంటుందా?

2014 ఈ ప్రశ్నకి రెండు జవాబులిచ్చింది, రెండిటికీ పొసగదు. ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడింది. మన పాస్‌వర్డ్‌లు గుట్టుగా ప్రయాణించడానికి లెక్కలేనన్ని సైట్లు నమ్ముకున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో లోపం అది. 2012 మార్చిలో వచ్చిన 1.0.1 వెర్షన్‌తో లోపలికొచ్చింది. పాత 0.9.8 మీదే ఉండిపోయినవాళ్లకి దానివల్ల ఏమీ కాలేదు. శ్రద్ధగా అప్‌డేట్ చేసుకున్నవాళ్లు దొరికిపోయారు, బద్ధకస్తులు గట్టెక్కారు! సెప్టెంబర్‌లో షెల్‌షాక్. లినక్స్ వాడినవాళ్లందరికీ తెలిసిన బాష్‌లో 1989 నుంచీ కూర్చుని ఉన్న లోపం. పాతికేళ్ల నమ్మకం దాన్ని కనిపెట్టలేకపోయింది.

అంటే వయసు ఏమీ చెప్పదా? కొంత చెబుతుంది. పొలాల మధ్య కాలిబాట రోజూ నడిచేచోట గట్టిపడుతుంది, దానికి జానెడు పక్కన పుట్టలో ఏముందో ఎవరికీ తెలీదు. పాత వెర్షనూ అంతే, జనం నడిచినంత మేరకే గట్టి. పైగా మన కాళ్లు కూడా దానికి అలవాటు పడతాయి. ఫలానా బటన్ రెండుసార్లు నొక్కకూడదు, ఫైల్ పెద్దదైతే ముందే సేవ్ చేసుకోవాలి, ప్రింట్ ఇచ్చాక కాసేపు ముట్టుకోకూడదు. ఈ జాగ్రత్తలన్నీ మనవి, మార్కులు మాత్రం వెర్షన్‌కి వేస్తాం. కొత్తదాంట్లో బగ్‌లు తక్కువున్నా ఎక్కువగా కనిపించేది అందుకే. పాతదాంట్లోవి లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాం.

ఈ విషయంలో డెబియన్ వాళ్ల వాడుక నాకు నచ్చుతుంది. వాళ్ల "స్టేబుల్"కి బగ్‌లు లేనిదని అర్థం చెప్పుకోరు, మారనిదని చెప్పుకుంటారు. భద్రతా లోపాలు, పెద్ద తప్పులు దిద్దుతారు తప్ప ప్రోగ్రాంల కొత్త వెర్షన్లు తెచ్చి ఎక్కించరు. పడిపోకపోవడం వేరు, మారకపోవడం వేరు. మన "నిలకడ" అన్న మాటలో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి. స్టేబుల్‌కి ముందు టెస్టింగ్ ఉంటుంది, దానికి ముందు అన్‌స్టేబుల్. దాని ముద్దుపేరు సిడ్, టాయ్ స్టోరీలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లాడు. ఏ ప్యాకేజీ అయినా అక్కడ కొన్నాళ్లు ఉండి, పెద్ద ఫిర్యాదులేవీ రాకపోతేనే టెస్టింగ్‌లోకి వెళుతుంది. సిడ్ వాడేవాళ్లు తెలిసే వాడతారు. వాళ్ల మెషీన్లలో విరిగినవే తరవాత స్టేబుల్ వాడేవాడికి కంటినిండా నిద్రనిస్తాయి.

నా ఇబ్బంది ఇక్కడే. అందరూ "ఒక వారం ఆగుదాం" అంటే ఆ వారం ఎప్పటికీ మొదలవదు. కొత్త వెర్షన్‌ని అల్మరాలో పెట్టి ఊరబెడితే నిలకడ రాదు, దానికి ఆవకాయ గుణం లేదు. ఎవరో ఒకరు ముందు దెబ్బ తినాలి. ఐసీయూ మానిటర్ మీద మొదటిరోజే కొత్త వెర్షన్ ఎక్కించమని నేను అనను. ముందు వెళ్లేది ఎవరు, వాళ్లని అడిగారా అన్నదే నా పేచీ.

ఆగడానికీ ఇదే పేచీ వర్తిస్తుంది. 2017 మేలో వానాక్రై విరుచుకుపడింది. దానికి ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లలో బ్రిటన్ ఆస్పత్రులున్నాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆగుదామన్నది ఐటీ విభాగం, వెనక్కి తిరిగి ఇంటికెళ్లింది రోగి.

2024 జులై 19న ఇది ఇంకో రకంగా జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క ఫైల్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలబడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. అందరూ ఆ పాస్ ఫోటో చూసి నవ్వుకున్నారు, నాకు మాత్రం వేరే వివరం గుచ్చుకుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో కావాలనే ఒక వెర్షన్ వెనక ఉండే సెట్టింగ్ ఉంది. జాగ్రత్తపరులు అది పెట్టుకున్నారు కూడా. అయితే ఆ రోజు వచ్చినదాన్ని కంపెనీ వెర్షన్ కింద లెక్కెయ్యదు, దాని లెక్కలో అది "కంటెంట్". కాబట్టి సెట్టింగ్ దానికి వర్తించలేదు. ఆగుదామనుకున్నవాళ్లని కూడా అడక్కుండా ముందు వరుసలో నిలబెట్టేశారు. ఇకమీదట విడతలవారీగా పంపుతామనీ, ఎప్పుడు తీసుకోవాలో కస్టమర్లే ఎంచుకోవచ్చనీ ఆ తరవాత చెప్పారు.

నా ఫోన్ వరకూ నాకో పద్ధతుంది. భద్రతకి సంబంధించినవి ఆ రోజే వేసుకుంటాను, మిగతావి ఆగుతాను, బగ్ తగిలితే రెండు నిమిషాలు కూర్చుని రిపోర్ట్ పంపుతాను. ఫోన్‌కి ఇది చాలు. ఆస్పత్రి సర్వర్ ముందు కూర్చున్నవాడికి చాలదు. అతను ఎటు మొగ్గినా బయట ఓపీ చీటీ పట్టుకుని నిలబడ్డ మనిషికి అసలు అక్కడొక నిర్ణయం జరిగిందనే తెలీదు.