దండం పెట్టనక్కర్లేని సాయం

మన ఇళ్ళలో అందరికీ సమానంగా పంచని సలహా ఒకటుంది: సర్దుకుపోవాలి. కొత్త కోడలికి చెబుతాం. పల్లె నుంచి పట్నం బడికి వెళ్ళిన పిల్లాడికి చెబుతాం. కాలో కన్నో చెవో సహకరించని మనిషికి బతికినన్నాళ్ళూ చెబుతూనే ఉంటాం. సర్దుకున్నవాణ్ణి మెచ్చుకుంటాం కూడా. "పాపం, ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటాడు" అంటాం. ఆ నవ్వు కోసం ఆ మనిషి లోపల ఎంత చాకిరీ చేస్తున్నాడో, అందులో నిజంగా అతను చెయ్యవలసింది ఎంతో మాత్రం అడగం. వైకల్యం ఉన్నవాళ్ళ సుఖం గురించి ఆలోచన వచ్చినప్పుడల్లా నేను ఈ ప్రశ్న దగ్గరే ఆగుతాను. సర్దుకోవలసింది ఎవరు?

మా చిన్న మామయ్యది తెనాలి పక్కన పల్లె. పసితనంలో పోలియో వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో బయటపడింది. ఇప్పటి పిల్లలకు ఆ జబ్బు చుక్కల మందు పేరుగానే తెలుసు. ఆయన తరానికి అది ఇంటింటి భయం. ఆయన బడి మానేసి కుట్టుపని పట్టుకున్నాడు. తొక్కుడు మిషను ఆయనకు కుదరదు. చేత్తో తిప్పే మిషను మీద నేర్చుకున్నాడు. కుడి చెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమ చెయ్యి గుడ్డను తోస్తుంది. సూటి కుట్లకు ఇబ్బంది లేదు. కాలరు దగ్గర, చంక దగ్గర గుడ్డ మలుపు తిరుగుతుంది, అక్కడ రెండు చేతులూ గుడ్డ మీదే ఉండాలి. ఆయన రెండు కుట్లు వేసి ఆగేవాడు. సూదిని గుడ్డలోనే దించి ఉంచి, గుడ్డను రవ్వంత తిప్పి, మళ్ళీ రెండు కుట్లు వేసేవాడు. మోటారు కొన్నాక దాని పెడలును నేల మీద పెట్టలేదు. మిషను బల్ల మీదే, కుడి మోచేయి ఆనే చోట బిగించుకున్నాడు. మోచేయి బరువు పెంచితే వేగం, తగ్గిస్తే నిదానం. రెండు చేతులూ గుడ్డకు దక్కాయి. ఆయన కుట్టిన చొక్కా తొడుక్కున్నవాడికి ఇవేవీ తెలియవు, తెలియాల్సిన పనీ లేదు.

దీన్ని మనోధైర్యం అని ఊరుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. ఇది పనితనం, తెలివి. చూపు లేనివాళ్ళు కొందరు తమ అడుగుల చప్పుడు ఎలా తిరిగి వస్తోందో విని సందు ఎంత వెడల్పో పోల్చుకుంటారు. వినపడని పిల్లలు ఎదుటివాడి పెదవుల్లోనూ కనుబొమల్లోనూ మనం గమనించనిది చదువుతారు. తమ వంతు సర్దుబాటు వాళ్ళు ఎప్పుడో చేసేశారు. దాన్ని వాళ్ళకు బోధించే అర్హత మనలో చాలామందికి లేదు.

ఇక మన వంతు. దగ్గరి బంధువుల ఇంట్లో పెళ్ళి, ఫంక్షన్ హాలు మేడ మీద. లిఫ్టు లేదు. మామయ్యను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కుర్రాళ్ళు తలో కాలూ పట్టుకుని మెట్లెక్కించారు. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. "జాగ్రత్తరా, జాగ్రత్త" అన్నారు. పెద్దవాళ్ళు ఆ కుర్రాళ్ళ భుజం తట్టారు. మామయ్య ఒక్కొక్కరికీ పేరు పేరునా చెప్పాడు, "మీ మేలు మరిచిపోనురా" అని. బంతిలో నా పక్కనే కూర్చున్నాడు. అన్నీ తిన్నాడు, మంచినీళ్ళు మాత్రం ముట్టలేదు. బాత్రూం ఎక్కడుందో, దాని గుమ్మం ఎంత ఎత్తో తెలియని చోట ఆయన నీళ్ళు తాగడు. పొద్దున బయల్దేరే ముందు నుంచీ తాగలేదు. తిరుగు ప్రయాణంలో ఆటోలో చాలాసేపు ఊరకే ఉండి అన్నాడు: "అందరూ మంచోళ్ళేరా. అందుకే ఏమీ అనలేం."

ఆ తర్వాత ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళడం తగ్గించేశాడు. చదివింపులు నా చేత పంపేవాడు. ఆయనకు జనం పడరని మా వాళ్ళు అనుకున్నారు.

ఆయన మాట నన్ను వదలలేదు. ఆ రోజు అక్కడ చెడ్డవాళ్ళు ఎవరూ లేరు. సాయం కావలసినంత దొరికింది. అయినా ఆయన అలిసిపోయి వచ్చాడు. దేనివల్ల? దొరికిన ప్రతి సాయానికీ ఆయన నవ్వుతో, నమస్కారంతో వెల కట్టాలి. సాయం చేసినవాడి మనసు నొచ్చకుండా చూసుకోవాలి. నడుం పట్టేసినా బాగానే ఉందనాలి. ఒక రోజుకైతే ఫరవాలేదు. బస్సెక్కినా, బ్యాంకుకు వెళ్ళినా, ఓటు వేసినా, గుడికి వెళ్ళినా జీవితమంతా ఇలా కృతజ్ఞత చెల్లిస్తూ పోవాలంటే ఏ మనిషికైనా మోయలేని అప్పు అది.

అలాగని ఎవరి మీదా ఆధారపడకుండా బతకడమే గొప్ప అని నేను అనలేను. అలా బతికేవాళ్ళు ఎవరూ లేరు. నేను స్విచ్ వేస్తాను, దీపం వెలుగుతుంది. దాని వెనక బొగ్గు గనిలో దిగినవాడున్నాడు, వానలో స్తంభం ఎక్కిన లైన్‌మన్ ఉన్నాడు. వాళ్ళలో ఎవరికీ నేను రోజూ దండం పెట్టను, ఎవరూ నన్ను పరాధీనుడనరు. నా ఆధారాలన్నీ ముందే ఏర్పాటై గోడల్లోకి వెళ్ళిపోయాయి. మామయ్యకు కావలసిన ఆధారాలు మాత్రం ఇంకా మనుషుల చేతుల్లో, వాళ్ళ తీరికలో, వాళ్ళ దయలో ఉన్నాయి. ఆయనకూ నాకూ తేడా అంతే. దండం పెట్టనక్కర్లేని సాయమే సదుపాయం. అది ఉన్నచోట మనిషి మామూలు మనిషిగా ఉంటాడు. నచ్చిన పెళ్ళికి వెళ్తాడు, పడనివాళ్ళ పెళ్ళి మానేస్తాడు. మానేయడానికి మెట్లు కాకుండా తనదంటూ ఒక కారణం ఉండడం కూడా సుఖమే.

మన చట్టం ఈ సంగతిని మనకన్నా ముందే గ్రహించింది. వైకల్యం ఉన్నవాళ్ళ హక్కులపై ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికకు భారత్ 2007లో ఆమోదం తెలిపింది. దానికి అనుగుణంగా 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 1995 నాటి చట్టంలోని 7 రకాల వైకల్యాలను 21కి పెంచింది, ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం కోటాను 4 శాతం చేసింది. అంతకన్నా ముఖ్యమైన మాట భవనాల గురించి చెప్పింది. అందరూ వెళ్ళగలిగేలా లేని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు. జనం వాడే భవనం ప్రైవేటుదైనా సరే, ఈ లెక్కలోకి వస్తుంది. బడి, గుడి, సినిమా హాలు, పెళ్ళి జరిగే హాలు, అన్నీ. అప్పటికే ఉన్న భవనాలను అయిదేళ్ళలో మార్చాలన్న గడువూ పెట్టింది. ఆ గడువు ఎప్పుడో దాటింది. చూపు లేని రాజీవ్ రటూరి అనే ఆయన 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెబుతూ, ఈ ప్రమాణాలను సలహాల్లా రాసుకుంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు కావాలి అంది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం చేసింది. ఇంత జరిగినా మన ఊళ్ళో కొత్తగా లేస్తున్న హాలు మెట్ల మీదే లేస్తోంది. చట్టం ఊరిదాకా రావాలంటే ఊళ్ళో అడిగే నోరు ఉండాలి. ఆ నోరు ఎప్పుడూ బాధపడేవాళ్ళదే ఎందుకు కావాలి?

వైకల్యం అంటేనే దుఃఖం అన్న నమ్మకం మనలో చాలా లోతుగా ఉంది. 1999లో ఆల్‌బ్రెక్ట్, డెవ్లీగర్ అనే ఇద్దరు పరిశోధకులు 153 మంది వైకల్యం ఉన్నవాళ్ళతో కూర్చుని మాట్లాడారు. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన వైకల్యాలు ఉన్నవాళ్ళలో సగం మందికి పైగా, 54 శాతం, తమ జీవితం బాగుంది లేదా చాలా బాగుంది అన్నారు. బయటివాళ్ళకు దుర్భరంగా కనిపించే జీవితాన్ని వాళ్ళు బాగుందనడాన్నే ఆ పరిశోధకులు విచిత్రంగా ఎంచారు. బాగుందన్నవాళ్ళ విషయంలో శరీరం, మనసు, ఆత్మ ఒకదానితో ఒకటి కుదురుకోవడమూ, చుట్టూ ఉన్న మనుషులతో పొందిక కుదరడమూ కనిపించాయట. మొదటిది ఆ మనిషి సాధించుకుంటాడు. రెండోది ఒక్క చేత్తో అయ్యే పని కాదు.

డబ్బు సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్ 2024లో దివ్యాంగుల పింఛను రూ.6,000 చేసింది, తెలంగాణ 2023లో రూ.4,016 చేసింది. నెల మొదట్లో ఆ డబ్బు చేతికొచ్చిన ఇంట్లో ఆ మనిషి మాటకు కాస్త విలువ పెరగడం నేను చూశాను, అది చిన్న విషయం కాదు. కానీ ఒకే రూపాయి అందరి చేతుల్లో ఒకే పని చెయ్యదు. నేను బస్సులో వెళ్ళే చోటికి మామయ్య ఆటో మాట్లాడుకోవాలి. ఈ తేడాను అమర్త్య సేన్ తన గ్రంథం 'ది ఐడియా ఆఫ్ జస్టిస్'లో లెక్కలతో చూపించాడు. ఆ లెక్కల నాటికి బ్రిటన్‌లో పేదరికపు గీత కింద ఉన్నవాళ్ళు దాదాపు 18 శాతం. వైకల్యం ఉన్న మనిషి ఉన్న కుటుంబాల్లో 23 శాతం. ఆ వైకల్యం వల్ల పడే అదనపు ఖర్చును కూడా కలిపి చూస్తే 47 శాతం. సంపాదించడంలో పడే దెబ్బకన్నా సంపాదించినదాన్ని జీవితంగా మార్చుకోవడంలో పడే దెబ్బ పెద్దది. బస్సు మెట్టు కిందికి దిగితే ఆటో ఖర్చు మిగులుతుంది. సదుపాయం పెరిగినకొద్దీ అదే పింఛను పెద్దదవుతుంది.

సమాజం మారితే వైకల్యం అనేదే ఉండదని కొందరంటారు. నేను అంతదూరం వెళ్ళలేను. నల్లగొండలో ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంకరపోయిన మనిషి నొప్పి ర్యాంపు కడితే పోదు. బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డను పెంచే తల్లిదండ్రులను కదిలిస్తే ఒకే మాట వస్తుంది: "మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారండీ?" ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ఈ భయం నుంచే పుట్టింది. జిల్లా స్థాయి కమిటీ ద్వారా చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు. కాగితం మీద సంరక్షకుడు దొరుకుతాడు. ఆ బిడ్డను పేరు పెట్టి పిలిచే నలుగురు మాత్రం తల్లిదండ్రులు బతికుండగానే తయారవ్వాలి. పక్కింటివాళ్ళు, కిరాణా కొట్టతను, వీధి బడి టీచరు అతన్ని ఎరిగినవాళ్ళయి ఉండాలి. ఇంట్లో దాచి పెంచిన బిడ్డకు ఆ నలుగురూ ఉండరు. ఆ దాచడం తల్లిదండ్రుల తప్పని తేల్చేముందు, బయటికి తెచ్చిన రోజున మనం ఎలా చూశామో గుర్తు చేసుకోవాలి.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో, బుద్ధిమాంద్యం ఉన్న క్రీడాకారుల టీ20 విభాగంలో 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది, ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఆమె చిన్నప్పుడు ఊళ్ళో ఎన్ని మాటలు పడ్డారో తల్లిదండ్రులు తర్వాత చెప్పుకొచ్చారు. నాకు ఆ పతకమంటే గౌరవం. అంతకన్నా ముందు ఆ పిల్ల పరుగును గమనించిన బడి వ్యాయామ ఉపాధ్యాయుడి చూపంటే గౌరవం. అందరూ లోపం చూసిన చోట ఆయన వేగం చూశాడు. అయితే పతకాలు తెచ్చినవాళ్ళకే గౌరవం అనే నియమం పెట్టుకుంటే మిగతావాళ్ళ మీద కొత్త బరువు వేసినవాళ్ళమవుతాం. 2011 జనాభా లెక్కల్లో వైకల్యం ఉన్నవాళ్ళుగా నమోదైన 2.68 కోట్ల మందిలో ఎక్కువమంది పరుగు పందేలు గెలవరు. వాళ్ళు చొక్కాలు కుడతారు, దుకాణం నడుపుతారు, పిల్లల్ని బడికి పంపుతారు, కొన్నాళ్ళు విసుక్కుంటారు. గౌరవానికి అది చాలాలి.

విజయనగరం సంగీత కళాశాల గురించి అక్కడివాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. మహారాజా విజయరామ గజపతి కొలువులోని చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న తలంపే 1919లో ఆ కళాశాలకు మొదలు అంటారు. రాజు తలుచుకుంటే ఒక మాస్టారుని ఆ ఇంటికి పంపేవాడు, అందరూ ఆయన దయను పొగిడేవారు, కథ అక్కడితో అయిపోయేది. ఆయన కళాశాల పెట్టాడు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్. చిన్నప్పటి నుంచీ చూపు సరిగా ఆనని ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల అక్కడ చదివారు, సుశీల అక్కడ చదివారు. ఒక పిల్లవాడి అవసరాన్ని దయగా తీర్చి ఉంటే ఒక పిల్లవాడే బాగుపడేవాడు. ఏర్పాటుగా తీర్చారు కాబట్టి తెలుగువాళ్ళందరికీ పాట దక్కింది.

హైదరాబాద్ మెట్రో స్టేషన్ల లిఫ్టుల దగ్గర నిలబడి చూస్తే ఇదే కనిపిస్తుంది. చక్రాల కుర్చీ మనిషి కోసం పెట్టిన లిఫ్టులో గర్భిణి ఎక్కుతుంది, మోకాళ్ళ నొప్పుల పెద్దాయన ఎక్కుతాడు, పెట్టెలు మోసుకొచ్చిన కుర్రాడు ఎక్కుతాడు. వయసు ఎవరినీ వదలదు కాబట్టి ఆ వరసలో మనందరికీ చోటుంది.

అందుకే ధైర్యం చెప్పడం కాస్త తగ్గించి పని చూద్దాం. హాలు స్లాబు వెయ్యకముందు ర్యాంపుకు అయ్యే ఖర్చు కొంచెం, వేశాక పగలగొట్టాలంటే చాలా. ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే మేస్త్రీని అడగాలి, గుడి కమిటీలో అడగాలి, బడి హెడ్మాస్టరుని అడగాలి. పెళ్ళికి హాలు మాట్లాడేటప్పుడు పార్కింగు, ఏసీ అడిగినట్టే లిఫ్టు ఉందా, బాత్రూం గుమ్మం ఎంత ఎత్తు అని అడగాలి. పదిమంది ఇలా అడిగి వేరే హాలుకు వెళ్ళిపోతే పదకొండోవాడు వచ్చేసరికి లిఫ్టు ఉంటుంది. వైకల్యం ఉన్నవాళ్ళ సుఖంలో సగం వాళ్ళ గుండె నిబ్బరంలో ఉంది, అది వాళ్ళ దగ్గర ఎప్పటి నుంచో ఉంది. మిగతా సగం మనం అడిగే ఈ మామూలు ప్రశ్నల్లో ఉంది.