పొగగదిలోని రెండు మాంసములు



అమెరికా దేశమునందు విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మొదలగు రాష్ట్రములలో ప్రతి నవంబరు మాసమున, అనుమతి పత్రము పొందినవారు తెల్లతోక దుప్పిని వేటాడుదురు. మన దేశములో 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దుప్పిని చంపుట నేరము గనుక ఆ మాంసము మన పొయ్యిమీదికి రాదు. అయినను వారు దానిని పొగబెట్టు విధములో మనమందరము ఆలోచింపదగిన ప్రశ్న యొకటి యున్నది.

దుప్పి మాంసములో కొవ్వు బహు స్వల్పము. నిదానమైన పొగలో అది ఎండి పీచువలె అగును. కావున అనేకులు దానిలో పంది కొవ్వు కలిపి సాసేజీలు చేయుదురు. లేదా ఒకే పొగగదిలో పై అరలో పంది మాంసమును, క్రింది అరలో దుప్పి మాంసమును ఉంచుదురు. పైనుండి కారు కొవ్వు క్రిందిదానిని ఎండిపోనియ్యదు. హికొరీ, ఆపిల్ కట్టెల పొగ రెంటికిని నిగనిగలాడు రంగు నిచ్చును.

ఇందులో కంటికి కనబడని సంగతులు రెండున్నవి. మొదటిది వేడిమి. చల్లని పొగలో వేడిమి సుమారు 30 సెంటిగ్రేడు డిగ్రీలు దాటనియ్యరు. అందులో మాంసమునకు రంగు, వాసన వచ్చును గాని అది ఉడుకదు. 4 డిగ్రీలకును 60 డిగ్రీలకును మధ్య క్రిములు వేగముగా పెరుగును. గాలి చొరని చోట బొట్యులిజమ్ అను ప్రాణాంతకమైన రోగము కలిగించు విషము పుట్టవచ్చును. అందుకే నైట్రైటు కలిపిన ఉప్పును కొలత ప్రకారము పట్టింతురు. పంది మాంసపు ముక్క లోపల 63 డిగ్రీలు, కైమా చేసినదైతే 71 డిగ్రీలు వేడెక్కవలెను. దుప్పి మాంసమును కొందరు అంతకు ముందే దింపుకొందురు. పచ్చి పంది మాంసపు రసము దానిపై పడిన యెడల అట్లు దింపరాదు. పైరంగు చూచి లోపలి సంగతి చెప్పలేము. ఉష్ణమాపకమును లోపలికి గ్రుచ్చి చూడవలసినదే.

రెండవది మనస్సాక్షి. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయములో దుప్పి తినదగినది, పంది తినదగనిది. యూదులలోను ముస్లిములలోను అనేకులు, కొందరు క్రైస్తవులు నేటికిని పందిని ముట్టరు. అట్టి పొరుగువానికి ఆ దుప్పి మాంసమును కానుకగా ఇచ్చునప్పుడు పంది సంగతి చెప్పవలెనా?

“నాకు అన్నియు పవిత్రములే; చెప్పి అతనిని ఏల కలవరపెట్టవలెను?” అని యొకడు అనవచ్చును. అంగడిలో అమ్మబడు మాంసమును విచారింపక తినవచ్చునని పౌలు కొరింథీయులకు వ్రాసెను గదా! నిజమే. కాని ఆ మాట ఎవరితో చెప్పబడినది? తినువానితో. అడుగవలసిన భారమును తినువాని మీదనుండి తీసివేసెను గాని, చెప్పవలసిన భారమును పెట్టువాని మీదనుండి తీసివేయలేదు. నా స్వాతంత్ర్యము నాది. పొరుగువాని తెలియనితనము నా సొత్తు కాదు.

ఈ విషయములో నేనే తప్పిపోయితిని. కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసు ప్రేమవిందులో మేకమాంసపు కూరను, పందిమాంసపు కూరను ఒకే గరిటెతో వడ్డించుట చూచితిని. పందిని ముట్టని యొక అవ్వ పంక్తిలో కూర్చుండియుండెను. “ఏమగునులే” యని ఊరకుంటిని. తరువాత ఆమెకు తెలిసెను. జగడమాడలేదు. “అయ్యగారూ, మీరు చూచుచుండగానే గదా!” అని మాత్రము అనెను. అటుపిమ్మట ఆమె ఆరాధనకు వచ్చుచునే యున్నది గాని విందు పంక్తిలో కూర్చుండలేదు. గరిటెకంటిన కూర కాదు, నా మౌనమే ఆమెను లేపివేసినది.

తినువాడు లోపల చూడలేడు. అందుచేత పెట్టువాడు అతనికి బదులు చూడవలెను, చూచినది చెప్పవలెను. వినిన పిమ్మట తినుటయో మానుటయో అతని యిష్టము. ఉష్ణమాపకము గ్రుచ్చుటయు, నోరు విప్పి చెప్పుటయు ఒకే ధర్మము.

కాబట్టి రాబోవు ప్రేమవిందులో రెండు గరిటెలు పెట్టుడి; ఏ కూర ఏదో పంక్తిలో గట్టిగా చెప్పుడి. ఆ అవ్వను పిలుచుటకు నేనే వెళ్లెదను. ముందు క్షమాపణ అడిగి, తరువాత పిలిచెదను.