శ్రుతి సరిచేస్తే సత్యం తగ్గుతుందా?



మీరు వినే భక్తి పాట మీ చెవికి చేరేముందు నాలాంటి వాడి చేతుల్లోంచి వెళ్తుంది. నా పని మిక్సింగ్, మాస్టరింగ్. గొంతు, హార్మోనియం, తాళాలు, మృదంగం ఒకదాన్నొకటి మింగేయకుండా సర్దడం మిక్సింగ్. ఆ మొత్తం పాట ఫోన్‌లోనూ, కారులోనూ, గుడి మైకులోనూ బాగా వినపడేలా చివరి మెరుగు పెట్టడం మాస్టరింగ్. ఈ పనిలో నన్ను వదలని ప్రశ్న ఒకటుంది: భక్తితో పాడిన గొంతుని ఎంతవరకు సరిచేయొచ్చు?

ఖమ్మం దాటి భద్రాచలం వైపు, అడవి అంచు ఊళ్లలో భజన రికార్డింగ్ ఎక్కువగా రాత్రిపూటే. పగలంతా పొలం పనులుంటాయి కదా. ట్రాక్ తెరవగానే ముందు వినిపించేవి కీచురాళ్లు, వాటి కింద 50 హెర్ట్జ్ కరెంటు గుయ్‌మనే శబ్దం. వీటిని తగ్గించడానికి నాకు సందేహమే లేదు. పాటకీ వినేవాళ్లకీ మధ్య అడ్డు అవి.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఈ మధ్య ఒక భజన బృందం పాడిన రామదాసు కీర్తన నా దగ్గరికొచ్చింది. అందులో ఒక పెద్దావిడ గొంతు పై స్థాయికి వెళ్లేసరికి శ్రుతి కొంచెం జారుతోంది. పాట చేయిస్తున్నాయన ఫోన్ చేసి, “ఆమె గొంతు తీసెయ్ తమ్ముడూ, లేదంటే ట్యూన్ చేసెయ్. ఎవరికి తెలుస్తుంది?” అన్నారు.

నిజమే, ఎవరికీ తెలియదు. ఆటో-ట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణ కోసం భూమిలోంచి తిరిగొచ్చే తరంగాలను విశ్లేషించేవారు. గొంతు ఎక్కడున్నా దగ్గరి స్వరానికి లాగడం ఆ సాఫ్ట్‌వేర్ పని. కానీ మన సంగీతంలో గమకమంటేనే స్వరం ఊగడం. సెట్టింగ్ గట్టిగా పెడితే దానికి గమకమూ తప్పే, వయసు వణుకూ తప్పే. రెండింటినీ ఇస్త్రీ చేసినట్టు చదును చేసేస్తుంది.

“దేవుడికి అలంకారం చేయమా? ఇదీ అంతే కదా” అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. భద్రాద్రి గర్భగుడిలో రామయ్య నాలుగు చేతులతో, ఎడమ తొడపై సీతమ్మతో కొలువై ఉంటాడు. పూలు మారతాయి, పట్టువస్త్రాలు మారతాయి. మూలవిరాట్టుని మాత్రం ఎవరూ ఉలితో సరిచేయరు. నా లెక్కలో ఈక్వలైజర్, రివర్బ్ అలంకారం. పాడిన గొంతు మూలమూర్తి.

గీత 17వ అధ్యాయంలో శ్రీకృష్ణుడు వాక్కుతో చేసే తపస్సు గురించి చెబుతాడు. మాట ఎవరినీ కలవరపెట్టకూడదు, సత్యంగా ఉండాలి, ప్రియంగా, హితంగా కూడా ఉండాలి. మా ఫీల్డ్‌లో ప్రియానికి ఎన్ని ప్లగిన్లైనా దొరుకుతాయి. సత్యాన్ని మాత్రం మనిషే చూసుకోవాలి.

ఇదే ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. కోయల చరిత్ర, సమ్మక్క సారలమ్మల కథ డోలి కళాకారుల నోటే తరతరాలుగా నిలిచింది. మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ కళకే. ఇలాంటి పాటకి రికార్డింగే తాళపత్రం. దాన్ని క్లిక్ ట్రాక్‌కి కట్టి, శ్రుతి దిద్ది దాచిపెడితే, రేపటి పిల్లలు చదివేది మనం దిద్దిన ప్రతినే.

అలాగని ట్యూనింగ్ పాపం అనను. బాగా పాడిన గాయని “ఆ ఒక్క స్వరం జారింది, సర్దండి” అంటే సర్దుతాను. ఆ మాట అనాల్సింది గొంతు ఎవరిదో వాళ్లు.

అందుకే ఆ పెద్దావిడకి రెండు రకాలుగానూ వినిపించాను. ట్యూన్ చేసింది విని, “ఇది ఎవరో పాడినట్టుంది నాయనా. నా గొంతు నాకు తెలుసులే. మిగతావాళ్లకి అడ్డం రాకుండా చూడు, చాలు” అంది. పై స్థాయి దగ్గర ఆమె గొంతుని కొంచెం వెనక్కి జరిపి, మిగతావాళ్లని ముందుకు తెచ్చాను. పది గొంతులు ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడాతో కలిస్తేనే కదా భజనకి ఆ నిండుదనం! పాట చేయించినాయనకి నచ్చలేదు. రావాల్సిన డబ్బులో సగం ఆగిపోయింది. ఆ సగం నాకు చిన్న మొత్తం కాదు.

అయినా రామదాసు కీర్తనలు ఎలాంటివి? 17వ శతాబ్దంలో గోల్కొండ చెరలో ఉన్న మనిషివి. వాటిలో వేడుకోలుంది, అలక ఉంది, రాముణ్నే నిలదీసే చనువుంది. అలసిన గొంతు వాటికి పరాయిది ఎలా అవుతుంది?

మీరూ రీల్స్ కోసం పాడుతుంటారు, ఫిల్టర్లు వేస్తుంటారు. వేసుకోండి, తప్పులేదు. ఒక్కటి మాత్రం చూసుకోండి. మీ అమ్మ కళ్లు మూసుకుని విన్నా, అది మీ గొంతేనని గుర్తుపట్టాలి.

జై శ్రీరామ్.