నానీ సంతకం లేని ఒప్పందం

జమైకా జాతీయ వీరులుగా ప్రకటించుకున్నది ఏడుగురిని. వారిలో స్త్రీ ఒక్కతే, నానీ. ఆ దేశపు 500 డాలర్ల నోటు మీద ఉన్న ఆమె బొమ్మ చిత్రకారుల ఊహే.

1655లో స్పెయిన్ చేతుల్లోంచి జమైకాను లాక్కున్న ఇంగ్లండు, అక్కడ చెరకు తోటలు పెంచడానికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో తెచ్చి బానిసలుగా అమ్మింది. తోటల నుంచి తప్పించుకుని కొండల్లో సొంత ఊళ్లు కట్టుకుని, తరాల తరబడి సైన్యంతో పోరాడినవాళ్లే మరూన్లు. తూర్పున బ్లూ మౌంటెన్స్‌లోని మరూన్లకు నానీ నాయకురాలు. ఆమె పేరు మీద వెలసిన నానీ టౌన్‌ను 1734లో బ్రిటిష్ సైన్యం పట్టుకుంది. మరూన్ల పోరాటం మాత్రం ఆగలేదు.

వలస పాలకుల కాగితాల్లో నానీ కనిపించేది కొద్ది చోట్లే. 1733లో ఆమెను ఒకడు చంపేశాడని అసెంబ్లీ రాసుకుంది. 1740లో అదే పేరున్న స్త్రీకీ, ఆమెతో ఉంటున్నవాళ్లకూ 500 ఎకరాల పట్టా దక్కింది. ఆమె గురించి మిగతాదంతా మూర్ టౌన్ మరూన్లు చెప్పుకునే కథల్లోనే ఉంది. తూటాలను పట్టుకున్న నానీ, ఆకలితో అలమటిస్తున్న తనవాళ్ల కోసం గుమ్మడి గింజలు నాటిన నానీ ఆ కథల్లోని మనిషే. కాగితం వదిలేసిన స్త్రీని నోటిమాట బతికించుకుంది. ఇక్కడిదాకా మనలాంటి పరిశోధకులకు నచ్చే కథే.

ఇబ్బంది 1739తో మొదలవుతుంది. ఆ ఏడాది పడమటి మరూన్ల తరఫున కుడ్జో, తూర్పు మరూన్ల తరఫున క్వావో బ్రిటిష్‌వాళ్లతో ఒప్పందాలు చేసుకున్నారు. మరూన్లకు స్వేచ్ఛ దక్కింది. బదులుగా, ఇకపై తోటల నుంచి పారిపోయి వచ్చేవాళ్లను పట్టి అప్పగించాలి, తిరుగుబాట్లను అణచడంలో తోడ్పడాలి. 1760లో తిరగబడ్డ బానిసల నాయకుడు టాకీని కాల్చి చంపింది ఒక మరూన్. 1865లో మొరాంట్ బే తిరుగుబాటు నాయకుడు పాల్ బోగల్‌ను పట్టి ప్రభుత్వానికి అప్పగించిందీ మరూన్లే. అతన్ని ఉరి తీశారు. ఆ ఏడుగురు జాతీయ వీరుల్లో బోగల్ కూడా ఉన్నాడు.

ఇతరుల బానిసత్వాన్ని షరతుగా ఒప్పుకుని తెచ్చుకున్న స్వేచ్ఛను గౌరవించగలమా?

ఒప్పందం మీద నానీ సంతకం లేదు. పోరాటం ఆమెది, రాజీ మగవాళ్లది అనేస్తే మనకు హాయిగా ఉంటుంది. కానీ 500 ఎకరాల పట్టా వచ్చింది ఆ ఒప్పందం తర్వాతే. యుద్ధానికి ఆమెను నాయకురాలంటూ, శాంతికి మాత్రం ఆమెకు సంబంధం లేదంటే ఎలా? మచ్చలేని దేవతను చేయడమంటే, నిర్ణయాలు తీసుకునే మనిషిగా ఆమెను గుర్తించకపోవడమే.

అలాగని మరూన్లను ద్రోహులనీ అనలేం. స్వేచ్ఛకు ఆ ధర కట్టింది వాళ్లు కాదు. దశాబ్దాల యుద్ధంతో అలసిన ఒక చిన్న సమూహం ముందు ఆ షరతు పెట్టి, బానిసల చేతనే బానిసలకు కాపలా పెట్టించిన తోటల యజమానులదే మొదటి నేరం.

అయితే ఈ వివరణతో లెక్క తీరిపోదు. మన విముక్తి కోసం మనం ఎంతైనా చెల్లించుకోవచ్చు. ఇక్కడ చెల్లించింది మరొకరు. ఒప్పందం తర్వాత ఏదో ఒక రాత్రి చెరకు తోట దాటి, అంతకుముందు మరూన్లు నడిచిన దారినే కొండెక్కిన ఒక స్త్రీని ఊహించండి. పైన ఆమెను పట్టుకున్నది తనలాంటి నల్లమనిషే. ఆమెకు పట్టా లేదు, కథ లేదు, పేరు కూడా మిగల్లేదు.

నానీ పట్ల నా గౌరవం తగ్గలేదు. గౌరవించడమంటే నిర్దోషి అని తీర్పు చెప్పడం కాదు. ఆమెను తలచుకున్నప్పుడల్లా వెనక్కి పంపబడ్డ ఆ స్త్రీని కూడా తలచుకోవాలనే నేను అడుగుతున్నాను. పూర్వ నాయికలను వెతికి తెచ్చుకుంటున్న మనకు ఈ పని మరీ అవసరం. విశ్వవిద్యాలయంలో, సాహిత్యంలో మనం గెలుచుకున్న చోటుకూ షరతులున్నాయి. కులం పేరుతో, చదువు పేరుతో, భాష పేరుతో ఆ గడప దగ్గర ఆగిపోయిన స్త్రీలున్నారు. వాళ్లను ఆపిన చేతుల్లో మనవి ఎన్ని?