(స) అని చదివి వదిలేస్తున్నామా?

 

ఒకరోజు మక్తబ్‌లో ఒక బాబు చేత తెలుగు సీరత్ పుస్తకం చదివిస్తున్నాను. "దైవప్రవక్త స మదీనా చేరుకున్నారు" అని గడగడా చదివేశాడు. "ఆ బ్రాకెట్లో ఉన్న 'స' ఏమిటి బాబూ?" అని అడిగాను. "ప్రవక్తగారి ఇంటిపేరు, హజ్రత్!" అన్నాడు. తోటి పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే తప్పు వాడిది కాదు. అన్ని పాఠాలు చెప్పిన నేను ఆ ఒక్క అక్షరాన్ని విప్పి చెప్పలేదు.

అది "సల్లల్లాహు అలైహి వ సల్లం" అనే మాటకు గుర్తు. అల్లాహ్ ఆయనపై కారుణ్యాన్నీ, శాంతినీ కురిపించుగాక అని దాని భావం. ఇతర ప్రవక్తల పేర్ల తర్వాత "అలైహిస్సలాం" అంటాము. ఆయనపై శాంతి కలుగుగాక అని అర్థం. సహాబీ పేరు తర్వాత "రజియల్లాహు అన్హు", సహాబియా అయితే "అన్హా" అంటాము. అల్లాహ్ వారి పట్ల ప్రసన్నుడగుగాక అని అర్థం. గతించిన పుణ్యపురుషులకు "రహ్మతుల్లాహి అలైహ్" అని అల్లాహ్ కారుణ్యం కోరుతాము.

గమనించారా? ఇవి బిరుదులు కావు, దుఆలు. మన తెలుగులో పేరు చివర "గారు" చేరిస్తే మనిషికి మర్యాద ఇచ్చినట్లవుతుంది. ఈ మాటలు అక్కడితో ఆగవు. ఆ మనిషి కోసం అల్లాహ్ సన్నిధిలో చేయి చాపుతాయి.

అల్లాహ్, ఆయన దూతలు ప్రవక్తపై సలాత్ పంపుతున్నారని, విశ్వాసులు కూడా పంపాలని అహ్‌జాబ్ సూరా 56వ ఆయతు ఆదేశిస్తోంది. ఎలా పంపాలని సహాబాలు అడిగితే, మనం నమాజులో చదివే దరూదె ఇబ్రాహీమీని ఆయన నేర్పారు (బుఖారీ, ముస్లిం). ఒక్కసారి దరూద్ పంపినవారిపై అల్లాహ్ పదిసార్లు కరుణ కురిపిస్తాడు (ముస్లిం). తన ప్రస్తావన విని కూడా దరూద్ పలకనివాడే పిసినారి అని దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వ సల్లం చెప్పారు (తిర్మిజీ). హిజ్రీ 7వ శతాబ్దపు హదీసు పండితులు ఇబ్నుస్సలాహ్ రహ్మతుల్లాహి అలైహ్, రాసేటప్పుడు కూడా దీన్ని కుదించవద్దని హితవు పలికారు. చోటు చాలక కాగితం పొదుపు చేస్తే చేసిందనుకుందాం. మన నాలుకకు ఆ పిసినారితనం ఎందుకు?

మాట ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. సహాబాలు ప్రవక్తను "రాఇనా" అని, అంటే మమ్మల్ని కాస్త గమనించండని అడిగేవారు. కొందరు దుర్బుద్ధిపరులు అదే మాటను మెలితిప్పి అవమానకరంగా పలకసాగారు. అప్పుడు దాన్ని వదిలి "ఉన్‌జుర్‌నా" అనమని బఖరా సూరా 104వ ఆయతులో ఆజ్ఞ వచ్చింది. ఉద్దేశం మంచిదైతే చాలదు, అగౌరవానికి దారి ఇచ్చే మాటను సైతం విడిచిపెట్టాలి.

ప్రవక్త స్వరం కన్నా మీ స్వరం పెంచవద్దని, మీ కర్మలు వృథా కాగలవని హుజురాత్ సూరా ఆయతు అవతరించినప్పుడు, పుట్టుకతోనే గొంతు పెద్దదైన సాబిత్ బిన్ ఖైస్ రజియల్లాహు అన్హు తాను నరకవాసినైపోయానని ఇంట్లో తల వంచుకు కూర్చున్నారు. ఆయన స్వర్గవాసి అని ప్రవక్త కబురు పంపారు (బుఖారీ, ముస్లిం). ఆ భయమే అసలైన గౌరవం.

అయితే గౌరవానికి ఒక హద్దు ఉంది. ఒక వ్యక్తి "అల్లాహ్, మీరు తలచినట్లు" అన్నప్పుడు, నన్ను అల్లాహ్‌కు సమానం చేశావా, అల్లాహ్ ఒక్కడే తలచినట్లు అను అని దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వ సల్లం వెంటనే సరిదిద్దారు (ముస్నద్ అహ్మద్). దరూద్‌లోనే ఆ హద్దు ఉంది. అందులో మనం ప్రవక్తను వేడుకోవడం లేదు, ప్రవక్త కోసం అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. గౌరవం ప్రవక్తకు, ఆరాధన అల్లాహ్‌కు.

కనుక ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మీ పిల్లల్ని అడగండి: (స) అంటే ఏమిటి? (అ) అంటే ఏమిటి? (ర) అంటే ఏమిటి? వారు తడబడితే కోప్పడకండి. ముందు మనం ఆ మాటలను నిదానంగా, పూర్తిగా పలుకుదాం. వారు విని నేర్చుకుంటారు.

అల్లాహ్ మన నాలుకలకు అదబ్‌ను, మన హృదయాలకు తన ప్రవక్త పట్ల నిజమైన ప్రేమను ప్రసాదించుగాక! ఆమీన్.